గాలితో చల్లబడు ఇంజను – నూనె వేడిమి చరిత్ర

మెదకు జిల్లా పాపన్నపేట మండలమున నాగసానిపల్లి వద్ద మంజీరా నది ఏడు పాయలుగా చీలి ప్రవహించును. ఆ పాయల నడుమ వెలసిన వనదుర్గామాత సన్నిధిని ఏటేట మహాశివరాత్రికి జాతర జరుగును. ఆ దినములలో బండ్లు, బస్సులు, కార్లు, మోటారు సైకిళ్లు ఒకే దారిని పట్టి, మనిషి నడకకంటె మెల్లగా కదలును. ఆ వరుసలో ఒక పాత బుల్లెటు మోటారు సైకిలు ఇద్దరు మనుష్యులను, ఒక మూటను మోయుచు మొదటి గేరులో సాగుచున్నదనుకొనుడు. ఇంజను ఆగదు. కాని దానిని చల్లపరచవలసిన గాలి మాత్రము ఆగిపోవును. కొంతసేపటికి చప్పుడు మారును, లాగుడు తగ్గును, కాలికి సెగ తగులును. తెరపి దారిలో గంటసేపు అలుపు లేక పరుగెత్తిన బండి నాలుగు ఫర్లాంగుల జాతర దారిలో ఎందుకు తడబడవలెను? దీనికి సమాధానము సిలిండరులో కొంత, నూనెలో కొంత ఉన్నది.

వేడిమి లెక్క

మదరాసులో తయారైన పాత బుల్లెటు ఇంజను ఘనపరిమాణము 346 ఘన సెంటీమీటర్లు; సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90 మిల్లీమీటర్లు. దాని పూర్తిశక్తి సుమారు 18 అశ్వశక్తులు, అనగా 13 కిలోవాట్లకు పైమాట. ఇట్టి ఇంజనులలో పెట్రోలు నుండి పుట్టిన వేడిమిలో సుమారు నాలుగవ వంతు మాత్రమే పనిగా మారును. కావున పూర్తిశక్తితో నడచునప్పుడు 40 కిలోవాట్ల వేడిమి వృథాగా బయటికి పోవలయును. నలుబది విద్యుత్ పొయ్యిలు ఒక్కసారిగా వెలిగించినంత వేడిమి అది! దీనిలో పెద్దభాగము పొగగొట్టము గుండ పోవును. తక్కినది సిలిండరు రెక్కల ద్వారమునను, నూనె ద్వారమునను గాలిలో కలియవలయును.

రెక్కల పని తేలికగనే బోధపడును. వేడి రొట్టెను ముక్కలు చేసిన త్వరగా చల్లారును. గాలి తగులు వైశాల్యము పెరుగుటయే కారణము. కాని ఏ రెక్క ఎంత పొడవుండవలె, రెక్కకు రెక్కకు ఎంత ఎడముండవలె అను విషయము చాలకాలము అనుభవము మీదనే నడచెను. 1885లో జర్మనీలో డైమ్లరు, మేబాకు నిర్మించిన మొదటి పెట్రోలు మోటారు సైకిలు నాటినుండి ముప్పది యేండ్లు గడచిన పిమ్మట, మొదటి ప్రపంచ యుద్ధకాలమున, ఇంగ్లండులోని ఫార్న్‌బరో రాజకీయ విమాన కర్మాగారములో ఆచార్య గిబ్సను, శామ్యూలు హెరను అను ఇంజనీర్లు గాలితో చల్లబడు సిలిండర్లపై క్రమమైన పరిశోధనలు సాగించిరి. సిలిండరు తలకు పోత ఇనుముకంటె అల్యూమినియము మేలని వారి పనివలన స్థిరపడెను. అల్యూమినియము మిశ్రలోహము పోత ఇనుముకంటె సుమారు మూడు రెట్లు త్వరగా వేడిమిని ప్రసరింపజేయును. విమానములకై జరిగిన ఈ కృషి ఫలము తరువాత మోటారు సైకిళ్లకును దక్కెను. బుల్లెటు ఇంజనుకు తల అల్యూమినియముతోను, సిలిండరు పోత ఇనుముతోను చేయబడెను.

నూనె పొర రహస్యము

నూనె కేవలము ఒరిపిడిని తగ్గించునదే యని పూర్వము తలచెడివారు. 1883లో లండనులో బోషాం టవరు అను ఇంజనీరు రైలుబండి ఇరుసు బేరింగులను పరీక్షించుచు, నూనె పోయుటకై బేరింగు పైభాగమున ఒక రంధ్రము చేసెను. ఇరుసు తిరిగినప్పుడు నూనె లోనికి పోవుటకు మారుగ పైకి ఉబికెను. రంధ్రమునకు బిరడా బిగించినను అది ఎగిరిపోయెను. ఇరుసునకు బేరింగునకు నడుమ నూనె మిక్కిలి ఒత్తిడితో నిలిచి, బరువును తానే మోయుచున్నదని దీనివలన తెలిసెను. దీనికి 1886లో ఆస్బర్ను రెనాల్డ్సు గణితసిద్ధాంతము కూర్చెను. ఈ పొర మందము ముఖ్యముగ వేగముపైనను, బరువుపైనను, నూనె స్నిగ్ధతపైనను ఆధారపడును.

చిక్కు ఇక్కడనే ఉన్నది. వేడి పెరిగిన కొలది స్నిగ్ధత వేగముగ పడిపోవును. ఎస్.ఎ.ఇ. 50 రకపు నూనె 40 డిగ్రీల సెంటీగ్రేడు నుండి 100 డిగ్రీలకు చేరునప్పటికి దాని స్నిగ్ధత సుమారు పదవ వంతునకు తగ్గును. జాతర దారిలో ఇంజను మెల్లగా తిరుగును, బరువు లాగును, నూనె పలుచబడును. మూడు కారణములును కలిసి పొరను పలుచన చేయును. పొర తెగినచోట లోహము లోహమును రాయును. క్రాంకు చివర బేరింగు అరుగును; విషమించిన పిస్టను సిలిండరులో పట్టివేయును. వేగముగ పోవు బండికి ఇట్లు జరిగిన వెనుకచక్రము బిగిసి, నడుపువాని ప్రాణమునకే ముప్పు రావచ్చును.

చేతిపంపు నుండి తిరుగుడు నూనెకు

తొలినాటి మోటారు సైకిళ్లలో నూనె ఒకసారి పోయి తిరిగి రాదు. నడుపువాడు కొన్ని మైళ్లకొకమారు చేతిపంపును నొక్కవలయును. ఆ నూనె కొంత కాలిపోవును, కొంత కారిపోవును. పాత నూనె నిలువదు గనుక అది మరిగి చెడునను బాధ ఆనాడు తక్కువ. పంపు నొక్కుట మరచిన ఇంజను చెడుట మాత్రము ఖాయము. ఇంగ్లండులోని రెడ్డిచ్చి పట్టణపు రాయల్ ఎన్‌ఫీల్డు సంస్థ మొదటి ప్రపంచ యుద్ధమునకు ముందే పంపుతో నూనెను మరల మరల తిప్పు పద్ధతిని కొన్ని బండ్లలో ప్రవేశపెట్టెను. ఈ పద్ధతి వ్యాపించిన పిదప నూనెకు కొత్త బాధ్యత వచ్చెను. అదే నూనె వేల మైళ్లు తిరిగి, ప్రతి సుత్తిదెబ్బను, ప్రతి సెగను ఓర్చవలసినదయ్యెను.

1955లో మదరాసు సమీపమున తిరువొత్తియూరులో ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ బుల్లెట్లను కూర్చనారంభించెను. రెడ్డిచ్చి కర్మాగారము మూతపడిన తరువాతను ఈ ఇంజను మన దేశమున దశాబ్దముల తరబడి నిలిచెను. పోలీసులు, సైనికులు, గ్రామముల కామందులు దీనిని వాడిరి. కొన్ని ఇతర బండ్లలో నూనె తొట్టి సీటు క్రింద విడిగా నుండి కొంత గాలిని పొందును. బుల్లెటులో ఆ తొట్టి క్రాంకు గూటి వెనుక అదే పోతలో ఇమిడియున్నది. బయట గొట్టములు తక్కువగుటచే కారుట తగ్గును, చలిలో నూనె త్వరగా వెచ్చబడును. కాని వేసవిలో తొట్టికి గూటి సెగ తప్పదు. రెండు లీటర్లకు కొంచెము మించిన నూనెయే ఈ భారమంతయు మోయవలయును.

ఎంత వేడి మంచిది?

నూనె ఎంత చల్లగా నున్న అంత మేలనుట పొరపాటు. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరియు పుట్టును. అందు కొంత క్రాంకు గూటిలో చేరి నూనెలో కలియును. నూనె బాగుగ వెచ్చబడనిచో ఈ నీరు పోక, మడ్డి కట్టి, లోహమును తినివేయును. ఇంటినుండి అంగడికి మాత్రమే తిరుగు బండిలో తెల్లని నురుగువంటి మడ్డి చేరుటకు కారణమిదే. సుమారు 80 నుండి 110 డిగ్రీల నడుమ నూనె సుఖముగ పనిచేయును. అంతకు మించి చాలసేపున్న గాలిలోని ఆమ్లజనితో కలిసి చిక్కబడి, నల్లబడి చెడును. పది డిగ్రీలు హెచ్చిన చెడు వేగము సుమారు రెట్టింపగునని రసాయన శాస్త్రపు మోటులెక్క.

చిక్కని నూనె పోసిన సరిపోవునని పలువురు తలచెదరు. అది పగటి సెగకు కొంత మేలే. కాని తెల్లవారుజామున ఇంజను కదలించినప్పుడు చిక్కని నూనె పైనున్న కవాటముల మీటలకు ఆలస్యముగ చేరును. ఈ చిక్కు తీర్చుటకే బహుశ్రేణి నూనెలు వచ్చెను. వానిలో పొడవైన అణువులు కలుపబడును. చల్లగా నున్నప్పుడు అవి ముడుచుకొని, వేడిలో విచ్చుకొని, నూనె మరీ పలుచబడకుండ కాపాడును. 20డబ్ల్యు-50 అను గుర్తు గల నూనె ఇట్టిదే.

నేడు పాత బండిని కాపాడువారు నూనె మూతకు అమర్చు ఉష్ణమాపకముతో వేడిమిని చూడగలరు. చేయి పెట్టి చూచుట లెక్క కాదు; 60 డిగ్రీలకే చేయి నిలువదు. కొందరు చిన్న నూనె చల్లార్పు పలకను అమర్చెదరు. దానికి ఉష్ణనియంత్రకము తప్పనిసరి; లేనిచో శీతకాలమున నూనె వెచ్చబడదు. ఈ పరికరములు లేకున్నను నాలుగు పనులు ఎవరైనను చేయవచ్చును. పొలము బురద రెక్కల నడుమ ఎండి కంబళివలె పనిచేయును గనుక దానిని కడుగవలయును. నూనె మట్టము తగ్గనీయరాదు. తక్కువ నూనె ఎక్కువమారులు తిరిగి త్వరగా కాగును. నిప్పురవ్వ ఆలస్యమైనను, పెట్రోలు పాలు తగ్గినను ఇంజను కాగును గనుక వానిని సరిచూచుకొనవలయును. జనసమ్మర్దమున బండి కదలనిచో ఇంజను ఆపి నీడన నిలుపవలయును. కాగిన పోత ఇనుముపై నీళ్లు చల్లుట మాత్రము కూడదు; ఒక్కసారిగా ముడుచుకొని లోహము చిట్లవచ్చును.

నూనెకు గల చల్లపరచు శక్తిని ఇంజనీర్లు తరువాత మరింత వాడుకొనిరి. 1985లో జపానుకు చెందిన సుజుకి సంస్థ నూనెనే సిలిండరు తలపై ధారగా చిమ్మి చల్లపరచు బండిని విడుదల చేసెను. 2018లో వచ్చిన 650 తరగతి ఎన్‌ఫీల్డు బండ్లకు నూనె చల్లార్పు పలక పుట్టుకతోనే అమరినది. పాత బుల్లెటుకు ఆ భాగ్యము లేదు. దానికి గాలియే వైద్యుడు, నూనెయే మందు, నడుపువాని తెలివియే పథ్యము. ఏడుపాయల దారిలో నీడ చూచి బండి నిలిపి, కాసేపు ఓపికపట్టిన వాడు జాతర ముగిసిన పిదప అదే బండిపై ఇల్లు చేరును.