బొమ్మ

విజయవాడ గాంధీనగర్‌లో సినిమా హాలు నుంచి బయటికొచ్చే వాళ్లను "బొమ్మ ఎలా ఉంది?" అని అడుగుతారు. ఊరికి దగ్గర్లోనే ఉన్న కొండపల్లిలో బొమ్మంటే తెల్లపొణికి కర్రతో చెక్కింది. పిల్లల పుస్తకంలో బొమ్మంటే గీసింది.

తమిళ బొమ్మై, కన్నడ బొంబె దీని తోబుట్టువులు. చిత్రం, ప్రతిమ, శిల్పం అని సంస్కృతం మాటలు వేటికవి విడిగా ఉంటాయి. బొమ్మకు ఆ పట్టింపు లేదు. చూసేవాళ్లకు అందులో ఇంకొకటి కనబడితే చాలు. నాకు ఈ మాట మీద ఇష్టం అందుకే.

కొండపల్లి తాడిచెట్టు బొమ్మను చేతిలోకి తీసుకుని చూడండి. విడివిడిగా చెక్కిన ముక్కల్ని చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. మొహమంటే నాలుగు కుంచె గీతలు. అయినా గీత కార్మికుడు చెట్టెక్కుతున్నాడనే అంటాం. ఆ ఎక్కించేది మన చూపే.

"బొమ్మలా నిలబడ్డాడు" అంటే కదల్లేదని. అదే మాటను కదిలే సినిమాకూ పెట్టేశాం! అమ్మాయి అందంగా ఉంటే బాపు బొమ్మంటాం; అక్కడ బొమ్మే కొలత, మనిషిని దానితో పోలుస్తున్నాం. ఇక బొమ్మా బొరుసా సంగతి. 1950లో మన నాణేల మీద రాజు తల పోయి అశోకుడి సింహాలు వచ్చాయి. ఆ వైపును ఇప్పటికీ బొమ్మనే అంటున్నాం.