పాత యంత్రంలో కాలిన ఫ్యూజులు

క్యాన్సర్‌కి రేడియేషన్ చికిత్స చరిత్రంటే ఎక్కువగా కొత్త యంత్రాల చరిత్రే. పాతది పోయి కొత్తది వచ్చినప్పుడు దాంతోపాటు ఇంకేం పోయిందో చెప్పే కథ థెరాక్-25ది.

కెనడా ప్రభుత్వ సంస్థ ఏఈసీఎల్ చేసిన ఈ యంత్రం రెండు రకాలుగా పనిచేస్తుంది. కణితి పైపైన ఉంటే నేరుగా ఎలక్ట్రాన్ పుంజం, లోతున ఉంటే ఎక్స్-రే. ఎక్స్-రే పుట్టాలంటే పుంజాన్ని సుమారు వంద రెట్లు పెంచి లోహపు పలకకి తగిలించాలి. ఆ పలక అడ్డం లేకుండా అంత పుంజమూ మనిషి మీద పడితే ప్రాణాపాయమే.

అంతకుముందరి థెరాక్-20లో అలా జరక్కుండా సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేని సర్క్యూట్లు, మెకానికల్ అడ్డుకట్టలు ఉండేవి. థెరాక్-25లో ఆ బాధ్యత చాలావరకు సాఫ్ట్‌వేర్‌కే అప్పగించారు. పాత కోడ్‌ కొంత ఇందులోనూ వాడారు. ఏళ్ళ తరబడి నడిచిన కోడ్ కదా, ఇంకేం భయం!

1985 జూన్ నుంచి 1987 జనవరి దాకా అమెరికా, కెనడాల్లో ఆరుగురికి విపరీతమైన మోతాదు పడింది. వాటిలో ఒకటి 1986 మార్చిలో, టెక్సస్‌లోని టైలర్‌లో. రోగికి ఇవ్వాల్సింది 180 రాడ్‌లు. ఆపరేటర్ పొరపాటున ఎక్స్-రే అని టైప్ చేసి, వెంటనే ఎలక్ట్రాన్ అని దిద్దింది. యంత్రంలో అయస్కాంతాలు సర్దుకోడానికి ఎనిమిది సెకన్లు పడుతుంది. ఆలోపే దిద్దడంతో ప్రోగ్రాంలో ఒక భాగం ఆ మార్పుని గమనించనేలేదు. తెరమీద 'మాల్‌ఫంక్షన్ 54' అని వచ్చింది. అలాంటివి తరచూ వచ్చేవే కాబట్టి ఆమె ఇంకో మీట నొక్కి కొనసాగించింది. ఆ మనిషికి పడింది 16,500 నుంచి 25,000 రాడ్‌లని తర్వాత అంచనా. ఐదు నెలలకి చనిపోయాడు.

కంపెనీ ఇంజనీర్లు వచ్చి చూశారు. అధిక మోతాదు పడే అవకాశమే లేదన్నారు. ఏప్రిల్‌లో అక్కడే ఇంకో రోగికి అదే జరిగాక, ఆసుపత్రి భౌతిక శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేగర్, ఆ ఆపరేటరూ కలిసి మీటలు మళ్ళీ మళ్ళీ నొక్కి చూసి అసలు సంగతి పట్టుకున్నారు. టైపింగ్‌లో చెయ్యి తిరిగినవాళ్ళ వేగానికే ఆ తప్పు బయటపడేది.

ఆ తర్వాత తెలిసింది, అదే తప్పు థెరాక్-20లోనూ ఉందని! షికాగోలో కొత్త విద్యార్థులు దాన్ని వాడటం మొదలుపెట్టినప్పుడల్లా ఫ్యూజులు పోయేవి. ఫ్యూజు మార్చుకుని పని చూసుకునేవాళ్ళు. కోడ్ బాగుందని అందరూ అనుకున్న ఆ రోజుల్లో రోగుల్ని కాపాడింది ఆ ఫ్యూజులే.

'ఇన్నేళ్ళుగా ప్రొడక్షన్‌లో నడుస్తోంది' అన్న మాట మా ఆఫీసుల్లో సర్టిఫికెట్‌లా చెల్లిపోతుంది. దాని వెనక ఏ ఫ్యూజు కాలుతోందో ఎవరూ అడగరు. 1987లో థెరాక్-25కి చేసిన మార్పుల్లో సాఫ్ట్‌వేర్ సవరణలతోపాటు, దాని ప్రమేయం లేకుండా పుంజాన్ని ఆపేసే సర్క్యూట్ కూడా ఉంది.