బీదరు జిల్లా విభజనము - మన కుటుంబములు

బీదరులోని తెలుగువారి చరిత్ర వ్రాయువారు సాధారణముగా కోటనుండియు, బహమనీ సుల్తానులనుండియు ప్రారంభింతురు. మేము మాత్రము 1956వ సంవత్సరము నవంబరు 1వ తేదీనుండి ప్రారంభించుచున్నాము. నాడు యుద్ధము లేదు, కరవు లేదు. అయినను మన పెద్దలు ఆ దినమును ఒక గండముగనే చెప్పుకొనెడివారు.

అంతకుముందు హైదరాబాదు రాష్ట్రమున బీదరు ఒక్క జిల్లా. నాడు అది మూడు రాష్ట్రములకు పంచబడెను. బీదరు, భాల్కి, హుమ్నాబాదు, సంతపూరు తాలూకాలు మైసూరు రాష్ట్రమున చేరినవి. అహమ్మదుపూరు, నిలంగ, ఉద్గీరు తాలూకాలు బొంబాయి రాష్ట్రమునకు పోయినవి. నారాయణఖేడు తాలూకాయు, నిర్ణా సర్కిలు మినహా జహీరాబాదు తాలూకాయు, బీదరు తాలూకాలోనిదే యైన న్యాలకల్ సర్కిలును ఆంధ్రప్రదేశమున మెదకు జిల్లాలో కలిసినవి. (ఇప్పుడవి తెలంగాణమున సంగారెడ్డి జిల్లాలో నున్నవి.) ఒక సర్కిలు అటు పోయినదనుట కాగితముపై చిన్నమాట. పొలము న్యాలకల్‌లోను, ఇల్లు బీదరులోను గలవానికి అది చిన్నమాట కాదు. భూమి శిస్తు ఒక రాష్ట్రమునకు, బిడ్డల చదువు ఇంకొక రాష్ట్రమున.

వెనుకటి గండము గడచి అప్పటికి ఎనిమిదేండ్లే యైనది. 1948లో రజాకార్ల దౌర్జన్యములను, సెప్టెంబరు నాటి పోలీసుచర్య వెనుక ముస్లిము కుటుంబములపై జరిగిన హత్యాకాండను ఈ జిల్లా చూచెను. పండిత సుందరలాల్ సంఘము మిక్కిలి దెబ్బతిన్న నాలుగు జిల్లాలలో బీదరును చేర్చెను. అపాయవేళ ముస్లిము పొరుగువారిని కాపాడిన హిందువులును కలరని ఆ సంఘమే వ్రాసినది. తలుపు తట్టుటకు రెండవ ఊర ఒక యిల్లుండవలెనని మా పెద్దలు ఆనాడే గ్రహించిరి. 1956లో ఆ యెఱుక వారికి పనికివచ్చెను.

ఉద్యోగుల సంగతి కొంచెము విస్తరింపవలసి యున్నది. మేమును గుమాస్తాగిరి చేసినవారము గనుక ఇది పక్షపాతమని చదువరులు తలచినను సరే. హైదరాబాదు ప్రభుత్వోద్యోగులను రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ చట్టము 115వ సెక్షను క్రింద కొత్త రాష్ట్రములకు తాత్కాలికముగా పంచిరి. కేంద్రప్రభుత్వ అనుమతి లేక నౌకరీ షరతులను వారికి నష్టము కలుగునట్లు మార్చరాదని అందు రక్షణ యుండెను. నౌకరీ షరతులకు రక్షణ కలదు, వచ్చిన భాషకు లేదు. ఉర్దూలో మిసళ్లు వ్రాసి పేరుపొందిన నలువదియేండ్ల అహల్కారు కన్నడ అక్షరమాల ముందు కూర్చుండవలసి వచ్చెను. సీనియారిటీ జాబితాలు ఏండ్లకొలది తేలలేదు. అది చాలదన్నట్లు 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చి అణాల లెక్కయు మారెను. తండ్రియు కొడుకును ఒక్క దీపముముందు ఒక్క వాచకమే చదివిన యిండ్లు కలవు. తెలుగు, కన్నడ లిపులు ఒకతల్లి బిడ్డలగుట మనవారి అదృష్టము. తలకట్టు మారినదని తెలిసినచో చాల అక్షరములు తామే పట్టుబడును. ఉర్దూ మాత్రమే వచ్చినవారి కష్టము వేరు.

మన కుటుంబములు పన్నిన యుపాయమేమనగా, జిల్లాను పంచినట్లే ఇంటిని పంచుకొనుట. పెద్దవాడు బీదరు కచేరీలో నిలిచెను. రెండవవాడు అటుపోయి పొలము చూచుకొనెను. ఒక పిల్లవానిని జహీరాబాదులో మేనమామ యింట నుంచి తెలుగుబడికి పంపిరి. జహీరాబాదు ముప్పది కిలోమీటర్లే, రైలును కలదు. జొన్నలు అటునుండి వచ్చెడివి, జీతపు రూకలు ఇటునుండి పోయెడివి. ఉమ్మడికుటుంబము చీలినదని ఊరివారనిరి. లెక్క మాత్రము ఒక్క పుస్తకముననే వ్రాయుచుండిరి. ఈ యేర్పాటు ధర ఎవరు చెల్లించిరో చెప్పకుండుట న్యాయము కాదు. మేనమామ యింట పెరిగిన బాలుడు తల్లిని పండుగలకే చూచెడివాడు. ఆడపిల్లను అట్లు పంపిన యిల్లు మే మెఱిగినంతలో లేదు.

ప్రభుత్వపు మార్గము లేకపోలేదు. బడిలో 40 మందిగాని, తరగతిలో 10 మందిగాని పిల్లలున్నచో మాతృభాషలో ప్రాథమికవిద్య చెప్పవలెనని 1949లో విద్యామంత్రుల సమావేశము తీర్మానించెను. 1956లో రాజ్యాంగమున 350-ఏ అధికరణమును చేర్చిరి. కాని పదిమందిని కూర్చుట యెట్లు? మన యిండ్లు వీథికొకటి. నౌకరీ కన్నడముననే యని తెలిసియు, బిడ్డను తెలుగు తరగతిలో వేయుమని పొరుగువానిని అడుగుటకు నోరు రాదు. అందఱమును కన్నడబడికే పోయితిమి. మేమును కన్నడముననే పదవతరగతి గట్టెక్కి, జీవితమంతయు ఆ భాష పెట్టిన అన్నము తింటిమి. దానిపై మాకు ఫిర్యాదు లేదు.

ఆడవారు ఇంకొకదారి కనుగొనిరి. మా మేనత్త బీదరులో కన్నడము చదివి, నారాయణఖేడు వైపు కోడలిగా వెళ్లినది. మా అవ్వకు అక్షరములు రావు. అవ్వ తెలుగున చెప్పుచుండ, ఇంటి పిల్లవాడు కన్నడాక్షరములతో ఉత్తరము వ్రాసెడివాడు. మేనత్తయు అట్లే తెలుగుమాటలను కన్నడలిపిలో జవాబు వ్రాసెడిది. అత్తవారింట ఎవరును చదువలేరను ధైర్యమున తన కష్టములన్నియు అందు చెప్పుకొనెడిది. ఆ రెండు లిపులు ఎంత దగ్గరివో ఆమె మామగారు కూడబలుకుకొని కనుగొనువరకు ఆ ధైర్యము సాగినది.

ఆ ఉత్తరములు మా యింటి పెట్టెలో ఇంకను కలవు. మా మనుమలు తెలుగు మాటలాడుదురు గాని తెలుగులిపి చదువలేరు. ఈ సంచికను వారికి మేము చదివి వినిపింపవలెను. మేనత్త ఉత్తరములను మాత్రము వారే చదువుకొందురు.