మామిడి గుజ్జు కడిగిన నీళ్లు

జూన్ నెల. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. గేటు బయట తోతాపురి ట్రాక్టర్లు వరస కట్టాయి. లోపల అడుగు పెట్టగానే పండు వాసన ముఖాన కొడుతుంది, నాలుగడుగులు వేసేసరికి అదే పులుపెక్కుతుంది. బల్లల దగ్గర ఆడవాళ్లు ముచ్చికలు కోస్తూ చెడ్డ పండ్లు ఏరేస్తున్నారు. టెంకలకు ఒక దారి, తొక్కలకు ఒక దారి ఉన్నాయి. నీళ్లన్నిటికీ మాత్రం ఒకటే కాలువ. పండు కడిగినవి, నేల కడిగినవి, కాస్టిక్ సోడాతో పైపులు శుభ్రం చేసినవి అన్నీ అందులోకే.

ఆ కాలువ వెంట షెడ్డు వెనక్కి నడుద్దాం.

మొదట జల్లెడ. పీచు, తొక్కముక్కలు ఇక్కడే ఆగాలి. ఒకాయన పారతో గీకి తీస్తూనే ఉన్నాడు. ఈ పని తప్పితే ముందున్నదంతా పాడవుతుంది. తర్వాత తొట్టి. పసుపు నీళ్ల మీద నురగ తేలుతోంది. చక్కెర పులిసి ఆమ్లమవుతుంది కాబట్టి సున్నం కలుపుతున్నారు.

ఈ నీళ్లను ఇలాగే చెరువులో వదిలితే అక్కడి సూక్ష్మజీవులు చక్కెరను తింటూ నీటిలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటాయి. చేపలు చచ్చి తేలతాయి. అలా ఖర్చయ్యే ఆక్సిజన్ కొలతనే బీవోడీ అంటారు. ఇళ్ల మురుగులో అది లీటరుకు 200–300 మిల్లీగ్రాములుంటే, పండ్ల ఫ్యాక్టరీ నీళ్లలో వేలల్లోకి వెళుతుంది. సాధారణ నిబంధనల ప్రకారం వాగులో కలపాలంటే 30, పొలానికి పారించాలంటే 100 దాటకూడదు.

తొట్టి పక్కనే గాలి చొరని మూత ట్యాంకు ఉంది. బీవోడీ భారంలో ఎక్కువ భాగం అందులోనే తగ్గుతుంది. అక్కడి నుంచి వాలు దిగితే ఒక్కసారిగా పచ్చదనం. మనిషెత్తు జమ్ము, కిక్కస గడ్డి, మధ్యలో ఎర్రగా పూసిన మెట్టతామర. ఇది కంకర నింపిన మడి. నీళ్లు మాత్రం కనబడవు. కంకర మీద నడవండి, చెప్పులు తడవవు. నీటిమట్టం నాలుగు వేళ్ల కింద ఉంటుంది. అందుకే దోమలు ముసరవు. చేత్తో కాస్త కంకర తోడి చూడండి, రాళ్లు జిగటగా తగులుతాయి. ఆ జిగటంతా సూక్ష్మజీవులే. చక్కెరను తినేది అవే. మొక్కలు వాటికి వేళ్ల మీద నివాసమిస్తాయి, కొద్దిగా ఆక్సిజన్ అందిస్తాయి. నీటి మొక్కలకున్న ఈ శక్తిని జర్మనీలో కేథే సైడెల్ 1950లలోనే ప్రయోగాలు చేసి చూపించారు.

మామిడి నీళ్లలో చక్కెర పుష్కలం, నత్రజని, భాస్వరం తక్కువ. అవి లేకుండా సూక్ష్మజీవులు పెరగవు. అందుకే అవి ఉన్న మరుగుదొడ్ల నీళ్లను కూడా, సెప్టిక్ ట్యాంకు దాటాక, ఈ మడిలోకే మళ్లించారు. ఇది నాకు బాగా నచ్చిన ఏర్పాటు. సీజను రెండు మూడు నెలలే కదా, తర్వాత మొక్కలు ఎండకుండా బతికించేవీ ఆ నీళ్లే.

"నీళ్లు పైకొచ్చి నిలబడినాయంటే లోపల పూడిపోయినట్టే సార్," అంటాడు మడి చూసుకునే మనిషి. అందుకే ఇక్కడ రెండు మడులు. ఒకటి పని చేస్తుంటే ఒకటి ఆరుతుంది.

స్థలం లెక్క దాచకుండా చెప్పుకోవాలి. రోజుకు 20,000 లీటర్లు, బీవోడీ 3,000 అనుకుంటే రోజు భారం 60 కిలోలు. ఇలాంటి మడి చదరపు మీటరుకు సుమారు 10 గ్రాములు మోస్తుంది. అంటే 6,000 చదరపు మీటర్లు, దాదాపు ఎకరంన్నర. ముందు ట్యాంకులో ముప్పాతిక వంతు తగ్గిస్తే 37 సెంట్లు చాలు. ముందు శుద్ధి లేకుండా నాలుగు మొక్కలు నాటి పచ్చగా ఉందని చూపించడం శుద్ధి కాదు, మోసం.

చివర గుంటలో నీళ్లను గాజు సీసాలో పట్టి ఎండకు ఎత్తితే లేత టీ రంగు. పులుపు వాసన లేదు. ఇవి మామిడి తోటకు పోతాయి. మరుగుదొడ్ల నీళ్లు కలిశాయి గనుక పచ్చిగా తినే కూరగాయలకు పారించకూడదు.

కొత్తగా గుజ్జు ఫ్యాక్టరీ కట్టేవాళ్లకు ఒక్క మనవి: షెడ్డు ప్లాను గీసే రోజే పల్లాన ఈ మడికి స్థలం వదలండి. గోడలు లేచాక ఆ స్థలం దొరకదు.