మా నాయిన కట్టిన విమానాలు, పర్ణశాలలో దిగిన విమానం

పోయిన వారం డప్పు మీద రాసింది చదివి చాలామంది విద్యార్థులు మెసేజ్‌లు పెట్టారు. "డప్పు కట్టడం గురించి ఇంత వివరంగా ఏ పుస్తకంలో ఉంది మేడం?" అని ఒకరు అడిగారు. పుస్తకంలో చదివింది కాదు, చూసింది. మా తాత డప్పులు కట్టేవాడు. ఆయన కొడుకు, మా నాయిన, విమానాలు కట్టేవాడు. ఈ రెండో మాట రాయడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఎందుకో కింద చెప్తాను.

మనుషులెక్కే విమానాలు కావు. మూరెడు పొడవు, రెండు మూరల రెక్క. వెదురు పుల్లలు, పల్చటి కాగితం, సైకిల్ ట్యూబు నుంచి సన్నగా కోసిన రబ్బరు. ఆ రబ్బరును వేలితో వంద మెలికలు తిప్పి వదిలితే ముందున్న పంకా గిర్రున తిరిగి, విమానం మా వాడ ఇండ్ల మీదుగా చింతచెట్టు దాకా పోయేది. ఒక్కోసారి చెట్టు దాటేది. దాటిన రోజు నాయిన అన్నం రెండోసారి పెట్టించుకునేవాడు.

మా ఊరు బూర్గంపాడు దాటి అడవి అంచున ఉంటుంది. నాయిన కలప అడితిలో రోజుకూలి. కోత మిషను దగ్గర దుంగలు అందించేవాడు. చదివింది ఏడో తరగతి. అప్పుడు ఖమ్మం జిల్లా కదా, ఎర్రజెండా ఊళ్లకు విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాను వచ్చేది. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు, మంచి కాగితం, రంగు బొమ్మలు, ధర మాత్రం రూపాయల్లోనే. పెళ్లికి ముందు నాయిన అలాంటి పుస్తకం ఒకటి కొన్నాడు. నాకు ఊహ తెలిసేసరికి అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. రబ్బరుతో ఎగిరే విమానం బొమ్మ, కొలతలు ఉన్న రెండు పేజీలు మాత్రం అన్నం మెతుకులతో అతికించి ఉండేవి. (సోవియట్ పుస్తకాలు తెలుగు సాహిత్యాన్ని ఎట్లా మార్చాయో మా శాఖలో సెమినార్లు పెడతాం. అవి మాదిగవాడలో ఒక కూలి చేతుల్ని ఏం చేశాయో ఏ పత్రంలోనూ నేను చూడలేదు.)

ప్రపంచమంతా ఇలాంటి విమానాలకు వాడేది బాల్సా కర్ర. దక్షిణ అమెరికా చెట్టు, దూదిలా తేలిక. అది మా అడవిలో లేదు. నాయిన మొదట చెరువులో పెరిగే జీలుగు బెండుతో చేశాడు. పెళ్లి బాసికాలు చేసేది దాంతోనే. ఏజెన్సీలో జీలుగు అంటే కల్లు చెట్టు అనుకుంటారు, అది వేరు, ఇది నీటి మొక్క. బెండు తేలికే గాని దిగేటప్పుడు నేల తగిలితే పుటుక్కున విరిగేది. తర్వాత తెల్లపొణికి పట్టుకున్నాడు, కొండపల్లి బొమ్మలు చెక్కే కర్ర. మూతి, పంకా పొణికితో, రెక్కల చట్రం వెదురుతో. వెదురు ఎప్పుడు కొట్టాలో కోయగూడెం పెద్దాయన చెప్పాడు: అమావాస్య దగ్గర కొట్టు, పురుగు పట్టదు. పంకా ఇరుసుకు సైకిల్ పుల్ల. ఇరుసు రాసుకోకుండా మధ్యలో గాజు పూస, మా అమ్మ గొలుసులోది. దాని మీద ఇంట్లో ఒక పూట గొడవయింది. రబ్బరుకు కిరసనాయిలు రాస్తే రెండు రోజుల్లో జిగటగా పాడయ్యేది, ఆముదం రాస్తే నిలిచేది. ఇవన్నీ ఆ రెండు పేజీల్లో లేవు. తప్పులు చేసి నేర్చుకున్నవే.

అసలు సంగతి రెక్క మీది కాగితం. పుస్తకంలో "కాగితం బిగుతుగా అంటించాలి" అని ఒక్క వాక్యం ఉంది. ఎట్లా బిగించాలో లేదు. లాగి అంటిస్తే చిరిగేది, లాగకపోతే ముడతలు. అక్కడ నాయినకు తన ఇల్లే గుర్తొచ్చింది. డప్పుకు తోలు పొడిగా ఉన్నప్పుడు లాగరు. నానబెట్టి, తడి మీదనే చెక్క వలయానికి చింతగింజల జిగురుతో అంటిస్తారు. నీళ్లు ఆరుతుంటే తోలు దానంతట అదే బిగుసుకుంటుంది. నాయిన కాగితాన్ని చట్రానికి అదే చింతగింజల జిగురుతో వదులుగా అంటించి, ఆరాక నోట్లో నీళ్లు పోసుకుని సన్నటి తుంపర ఊదేవాడు. నీడన పెట్టేవాడు. గంటకు ముడతలన్నీ పోయి, వేలితో కొడితే 'టక్' అని పలికేది. నీళ్లు ఎక్కువైతే రెక్క మెలి తిరిగేది, అందుకే ఆరేదాకా అంచుల మీద రాళ్లు పెట్టేవాడు. మా తాత అరుగు మీద నుంచి లేచొచ్చి, రెక్కను చెవి దగ్గర పెట్టుకుని రెండు పక్కలా వేలితో కొట్టి, "ఎడమ దిక్కు వదులుందిరా" అనేవాడు. ఆయన జన్మలో విమానం ఎక్కలేదు, దగ్గర నుంచి చూడలేదు. వదులున్న రెక్క ఏ పక్కకు ఒరుగుతుందో మాత్రం ఎగరేయక ముందే చెప్పేవాడు.

ఇక్కడ కాస్త చరిత్రలోకి పోదాం. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల రెక్కలు రేకువి కావు. కర్ర చట్రం, దాని మీద నారబట్ట, బట్ట బిగుసుకోవడానికి పైన పూత. సూత్రం డప్పుదే. 1918లో ఇంగ్లండు రాయల్ ఎయిర్‌ఫోర్స్ 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్ 9ఏ విమానాలను కానుకగా ఇచ్చింది ఎవరో తెలుసా? మన నిజాం, మీర్ ఉస్మాన్ అలీఖాన్. ఒక్కో విమానం మీద ఆయన కానుక అని రాయించారు. అందుకే అది 'హైదరాబాద్' స్క్వాడ్రన్ అయింది. రెండో యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్‌కు కూడా అదే పేరు.

గోదావరికి మా వైపు ఒడ్డు అప్పుడు నైజాం, అవతల భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీ. భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. ఆ నైజాం ఊళ్లలో మా ముత్తాతలు దొరలకు వెట్టికి మోటబొక్కెనలు, చెప్పులు, వార్లు కుట్టి ఇచ్చేవాళ్లు. నిజాం ఖజానా నిండింది రైతు శిస్తుతో, రైతు పొలం తడిసింది మా తోలు బొక్కెనతో. కాబట్టి ఆ విమానాల రెక్కల మీద ఇంకొన్ని పేర్లు కూడా ఉండాల్సిందని నా లెక్క. అలాగని మా తాతలు విమానం కనిపెట్టారని నేను అనడం లేదు. అలా అనడానికి దేశంలో వేరే వాళ్లున్నారు, వాళ్ల దగ్గరికి వస్తున్నాను.

ముందు ఇంకొక నాన్న గురించి. 1878లో అమెరికాలో మిల్టన్ రైట్ అనే చర్చి బిషప్ తన ఇద్దరు చిన్న కొడుకులకు ఒక ఆటవస్తువు తెచ్చిచ్చాడు. వెదురు, బెండు, కాగితం, రబ్బరు బ్యాండు. వదిలితే ఇంటి కప్పుకు తగిలింది. అది విరిగిపోతే పిల్లలు అలాంటివే సొంతంగా చేసుకున్నారు. ఆ పిల్లలు విల్బర్, ఆర్విల్ రైట్. ఆ బొమ్మకు మూలం ఫ్రాన్స్‌కు చెందిన ఆల్ఫోన్స్ పెనో. 1871లో పారిస్ తోటలో రబ్బరు మెలికతో నడిచే చిన్న విమానాన్ని 11 సెకన్లు ఎగరేశాడు. పెద్ద విమానం కడతానంటే ఎవరూ డబ్బు పెట్టలేదు. 1880లో, 30 ఏళ్ల వయసులో ఆత్మహత్య చేసుకున్నాడు. ఈ కథ నాయినకు నేను ఎంఏలో ఉన్నప్పుడు చెప్పాను. రైట్ సోదరుల గురించి ఏమీ అడగలేదు. "ఆ పిలగాడు పాపం" అన్నాడు పెనో గురించి.

నేను నాలుగో తరగతిలో ఉండగా శ్రీరామనవమి తర్వాత అందరం పర్ణశాల పోయాం. భద్రాచలం నుంచి 35 కిలోమీటర్లు. సీతమ్మ నారచీరలు ఆరేసిన చోటు, గుర్తులున్న రాళ్లు చూపించి, అక్కడి గైడు ఏటి అవతలి గుట్టను చూపించాడు: "రావణుడు పుష్పక విమానం దింపింది ఆ గుట్ట మీదనే." అందరూ దండం పెట్టారు. నాయిన చెయ్యి అడ్డం పెట్టుకుని గుట్టను చాలాసేపు చూశాడు.

"అన్నా, దిగింది సరే. మల్ల ఎట్ల లేచింది? మీద అంత జాగ లేదు గదా?"

వెటకారం ఏమీ లేదు, నిజంగానే అడిగాడు. గైడు మా అందరినీ పైనుంచి కిందికి చూసి, "ఏ ఊరయ్యా మీది? ఎవరోళ్లు?" అన్నాడు. ఈ ప్రశ్న అర్థం తెలియని వాళ్లెవరూ ఈ సిరీస్ చదువుతుండరు. అమ్మ నాయిన చెయ్యి పట్టి లాక్కుపోయింది.

ఆ జూన్‌లో బడిలో 'నాన్న వృత్తి' అన్న చోట "విమానాలు చేస్తాడు" అని రాశాను. సారు అది పైకి చదివాడు. క్లాసంతా నవ్వింది. నవ్వులు ఆగాక, "మీ వాడోళ్లు చేసేది చెప్పులే, విమానాలు గాదు" అని కొట్టేసి, ఎర్ర ఇంకుతో 'కూలి' అని రాశాడు. ఇంటికొచ్చి నాయినకు చెప్పలేదు. అప్పటి నుంచి పదో తరగతి ఫారం దాకా, డిగ్రీ దాకా, స్కాలర్‌షిప్ దరఖాస్తుల్లో నేనే 'కూలి' అని రాస్తూ వచ్చాను. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం కృతజ్ఞతల్లో నాయిన పుస్తకాలు చదివేవాడని రాశాను. విమానాల సంగతి రాయలేదు. సారు నవ్వించింది ఒక్క రోజే. మిగిలిన ఏళ్లన్నీ దాచింది నేను.

2015 జనవరిలో ముంబైలో జరిగిన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌లో ప్రాచీన భారత విమానాల మీద ఒక ప్రసంగం పెట్టారు. ఆధారం 'వైమానిక శాస్త్రం' అనే సంస్కృత గ్రంథం. భరద్వాజ మహర్షిదని చెప్తారు. నిజానికి దాన్ని 20వ శతాబ్దం మొదట్లో సుబ్బరాయశాస్త్రి అనే ఆయన చెప్తుంటే రాసుకున్నారు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన ముకుంద, మరో నలుగురు 1974లోనే ఆ గ్రంథాన్ని పరిశీలించారు. భాషను బట్టి అది ప్రాచీనం కాదన్నారు. బొమ్మల్లోని విమానాల్లో ఒక్కటి కూడా ఎగరలేదని తేల్చారు. అయినా 41 ఏళ్ల తర్వాత దానికి దేశంలోని పెద్ద సైన్స్ వేదిక దొరికింది. కంచ ఐలయ్య 'పోస్ట్ హిందూ ఇండియా'లో మాదిగలను శాస్త్రవేత్తలుగా చూపించినప్పుడు, అతిశయోక్తి అని పెదవి విరిచిన ప్రొఫెసర్లను నేను చూశాను. సైన్స్ కాంగ్రెస్ మీద వాళ్లు ఏమన్నారో నాకైతే వినిపించలేదు.

ఆ సంక్రాంతికి ఊరెళ్లి 1974 వ్యాసాన్ని తెలుగులో చెప్తూ నాయినకు బొమ్మలు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని ఒక్కో విమానాన్ని చూశాడు. అంతస్తులు అంతస్తులుగా గుడి గోపురంలా ఉన్నవి.

"వాళ్లు చిన్నది చేసి ఎగరేసి చూసిన్రా, లెక్కనే కట్టిన్రా?"

"లెక్క కట్టిన్రు నాయినా."

"చేసి చూస్తే బాగుండు" అన్నాడు. కొంచెంసేపు ఆగి, "దీనికి ముక్కేది?" అన్నాడు.

అప్పుడే బడి సంగతి చెప్పాను. విన్నాడు. ఏమీ అనలేదు. లోపలికి పోయి అటక మీద నుంచి పాత విమానం ఒకటి దించాడు. కాగితం పసుపెక్కింది, రబ్బరు పొడిపొడిగా రాలింది, అమ్మ పూస అట్లనే ఉంది. ఇంట్లో పాత సైకిల్ ట్యూబు వెతికి కోశాం. ఆముదం రాశాం. వంద మెలికలు తిప్పి నేను వదిలాను. ముక్కు పైకి లేచి, గాలిలో ఒక్క క్షణం నిలబడి, వెనక్కి ఒరిగి పడింది.

"మూతికి మట్టి ఇంకింత పెట్టు బిడ్డా" అన్నాడు.