మక్కలు ఒక్కటే చాలవు: పెరటికోడి మేత వెనక నూట నలభై ఏళ్ల కథ

నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ పక్కనున్న అంకాపూర్ పేరు చెప్పగానే చాలామందికి దేశీ కోడి కూర గుర్తొస్తుంది. అక్కడి నుంచి సిరికొండ వైపు పోయినా, ఇటు ఆర్మూర్ చుట్టుపక్కల తిరిగినా పసుపు చేలే. పసుపులో అంతర పంటగా మక్క వేయడం ఇక్కడి రైతులకు అలవాటు. అందుకే ఈ ప్రాంతపు పెరటికోళ్లకు మక్కలు కరువు కావు. కరువల్లా మాంసకృత్తులకే. ఆ లోటును శాస్త్రం ఎలా పట్టుకుందో, ఎలా కొలిచిందో తెలిస్తే మన గంప కింది కోడికి ఏం పెట్టాలో మనకే తెలుస్తుంది.

పెంటకుప్పే మేత గది

పూర్వం పొద్దున్నే గంప ఎత్తగానే కోళ్లు పెంటకుప్ప మీదికి ఉరికేవి. అక్కడ ఎర్రలు, పురుగులు, చెదలు దొరికేవి. తొలకరికి ఉసిళ్లు లేస్తే వాటికి పండుగే. ఇంటామె చల్లిన గుప్పెడు నూకలతో ఒంటికి శక్తి వచ్చేది. కండకు, ఈకకు, గుడ్డుకు కావలసిన మాంసకృత్తు పురుగుల నుంచి అందేది. ఒక్క గుడ్డులోనే సుమారు 6 గ్రాముల మాంసకృత్తు ఉంటుంది. నాటు పెట్ట ఏడాదికి పెట్టే యాభై అరవై గుడ్లకు ఆ తిండి సరిపోయింది. లెక్క కాగితం మీద లేకపోయినా పెరట్లో నడిచింది.

కొలత దొరికిన ఏడాది

ఆ లెక్క కాగితం మీదికి వచ్చింది 1883లో. డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో యోహాన్ కెల్డాల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు బీరు తయారీకి వాడే బార్లీ గింజల్లో మాంసకృత్తు కొలవడానికి ఒక పద్ధతి కనిపెట్టాడు. నమూనాను గాఢ గంధకామ్లంలో ఉడికించి, అందులోని నత్రజనిని అమోనియాగా మార్చి కొలుస్తారు. మాంసకృత్తులో నత్రజని సుమారు 16 శాతం. కాబట్టి వచ్చిన నత్రజనిని 6.25తో గుణిస్తే మాంసకృత్తు ఎంతో తేలుతుంది. నేడు దాణా బస్తా మీద కనిపించే ‘క్రూడ్ ప్రొటీన్’ అంకె ఈ లెక్క నుంచి వచ్చిందే.

ఈ కొలతకు ఒక లోపం ఉంది. నత్రజని ఎక్కడి నుంచి వచ్చిందో అది చెప్పదు. యూరియా కలిపినా అంకె పెరుగుతుంది, కోడికి మాత్రం బలం రాదు. బస్తా మీది అంకెతో పాటు అందులో ఏయే దినుసులు కలిపారో కూడా అడగాలనేది అందుకే.

భీమవరం బిడ్డ, కోడిపిల్లలు

మాంసకృత్తు అంకె సరిపోయినా, కేవలం ధాన్యాలు, పప్పుల మీద పెంచిన కోడిపిల్లలు సరిగా ఎదగకపోవడం శాస్త్రజ్ఞులను చాలాకాలం వేధించింది. కాస్త చేపపొడో, కాలేయమో కలిపితే ఎదిగేవి. అందులోని తెలియని పదార్థాన్ని ‘జంతు మాంసకృత్తు కారకం’ అన్నారు. అది ప్రధానంగా 1948లో వేరుచేసిన బి12 విటమినేనని తర్వాత తేలింది.

కోడిపిల్లల మీద జరిగిన ఈ పరిశోధనల చరిత్రలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకూ చోటుంది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది లోపిస్తే కోడిపిల్లలకు రక్తహీనత వస్తుంది. మనుషుల రక్తహీనతకు మందైన పదార్థాన్ని వెతికే దారిలో కోడిపిల్లలూ ఉన్నాయి.

చెక్కలో దాగిన విషం

1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. బ్రెజిల్ నుంచి వచ్చిన పల్లి చెక్కకు పట్టిన బూజే కారణమని తేలింది. ఆ బూజు విషానికే అఫ్లాటాక్సిన్ అని పేరు. పల్లి చెక్కలో నలభై శాతానికి పైగా మాంసకృత్తు ఉన్నా, తడిసి బూజు పట్టిందంటే అది మేత కాదు, విషం. తడి మక్కలకూ ఇదే వర్తిస్తుంది.

ఆ తర్వాత దాణాలో సోయా చెక్క పెద్దపీట వేసుకుంది. నిజామాబాద్ జిల్లాలో సోయా పండుతుంది కదా అని పచ్చి గింజలు వేయకూడదు. వాటిలో మాంసకృత్తును అరగనివ్వని పదార్థం ఉంటుంది, అది వేడికి నశిస్తుంది.

ఇక 1988లో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఏర్పడిన కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజ, గ్రామప్రియ కోళ్లను రూపొందించింది. గ్రామప్రియ పెట్ట గుడ్ల సంఖ్యలో నాటు పెట్టను ఎన్నో రెట్లు మించుతుంది. గుడ్లు పెరిగితే మాంసకృత్తు అవసరమూ పెరుగుతుంది. పెంటకుప్ప ఒక్కటే దాన్ని తీర్చలేదు.

ఇంట్లో వేసుకునే లెక్క

పిల్లలకు మొదటి వారాల్లో 20 శాతం, ఎదిగే వయసులో 16, గుడ్లు పెట్టేటప్పుడు 16 నుంచి 18 శాతం మాంసకృత్తు కావాలి. మక్కల్లో ఉండేది సుమారు 9 శాతం, సోయా చెక్కలో సుమారు 45. మనకు 18 కావాలనుకుందాం. 45 లోంచి 18 తీస్తే 27, అది మక్కల వంతు. 18 లోంచి 9 తీస్తే 9, అది సోయా వంతు. అంటే మూడు కిలోల మక్కలకు ఒక కిలో సోయా చెక్క. దీనికి ఖనిజ లవణాల మిశ్రమం, గుడ్డు పెంకు గట్టిపడటానికి ఆల్చిప్పల పొడి తోడవ్వాలి.

చిరుతిండి కూడా లెక్కలోకి వస్తుంది. రోజుకు 100 గ్రాములు తినే పెట్టకు 18 శాతం దాణాతో 18 గ్రాముల మాంసకృత్తు అందుతుంది. అందులో 30 గ్రాముల బదులు 8 శాతమే ఉన్న నూకలు వేస్తే అది 15 గ్రాములకు పడిపోతుంది. ప్రేమతో వేసే గుప్పెళ్లు ఎక్కువైతే గుడ్లు తగ్గుతాయి. కొసరుగా వేసేది ఎండుచేపల పొడో, నువ్వుల చెక్కో అయితే మేలు జరుగుతుంది.

నేడు ఇళ్ల ముందు సిమెంటు పరుచుకుంది, పెంటకుప్పలు ఊరి బయటికి పోయాయి. కోడి తానే ఏరుకునే మాంసకృత్తు తగ్గిపోయింది, ఆ బాధ్యత మన మీద పడింది. కోళ్లు పెంచే ప్రతి ఇంటికీ ఒక్కటే విన్నపం: మక్కలు చల్లేముందు వాటి పక్కన చెక్క కూడా ఉందో లేదో చూసుకోండి. కడుపు నిండిన కోడి వేరు, బలం పట్టిన కోడి వేరు.