జావర్ గోడలు చెప్పే చరిత్ర

రాజస్థాన్‌లో ఉదయపూర్‌కు దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో జావర్ ఉంది. చుట్టూ భిల్లు, మీణా ఆదివాసీల పల్లెలు. అక్కడి డోలమైట్ రాతిలో సీసపు ఖనిజం గెలీనా, జింకు ఖనిజం స్ఫాలరైట్ చారలుగా ఉంటాయి. గెలీనాలో వెండి కలిసి ఉంటుంది.

14వ శతాబ్దం చివర మేవాడ్ రాణా లాఖా కాలంలో ఈ వెండి గని బయటపడిందని రాజుల చరిత్ర చెబుతుంది. కానీ గనుల్లో దొరికిన కర్ర దుంగల వయసు 2,000 ఏళ్లకు పైనేనని కార్బన్ పరీక్షలు తేల్చాయి. రాజుకు ముందే ఆ కొండను తవ్విన చేతులున్నాయి. వాళ్ల పేర్లు మాత్రం ఎవరూ రాయలేదు.

జింకు తీయడం కష్టం. 907 డిగ్రీలకే ఆవిరవుతుంది, గాలి తగిలితే కాలిపోతుంది. జావర్ పనివాళ్లు వంకాయ ఆకారపు మట్టి మూసల్లో ఖనిజం నింపి, బోర్లించి, కొలిమికి 36 చొప్పున కాల్చారు. ఆవిరి గొట్టం గుండా కిందికి దిగి, చల్లబడి లోహమయ్యేది. ఇంగ్లండులో విలియం ఛాంపియన్ ఇలాంటి పద్ధతికి 1738లో పేటెంటు పొందాడు. అప్పటికే జావర్ కొలిమిలు కొన్ని శతాబ్దాలుగా మండాయి.

వాడేసిన మూసలతో అక్కడివాళ్లు గోడలు కట్టుకున్నారు. ఆ గోడలే వాళ్ల శాసనాలు.

మన బొర్రా ప్రాంతపు పోరాటం 1997లో సమతా తీర్పు తెచ్చింది. అది భూమి హక్కు చెప్పింది. పనివాళ్ల విద్యకు తీర్పు ఏ కోర్టూ ఇవ్వదు. దాన్ని మన తరగతి గదుల్లో మనమే పాఠంగా చెప్పుకోవాలి.